మా బావ రైలుపెట్టెల్లో దీపాలు

మా బావ పోయిన కబురు నాకు ఎర్రగుంట్ల బస్టాండులో తెలిసింది. ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి టీ తాగుతున్నాను. సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆ మోతలో అక్క ఫోన్ చేసింది.

"రేయ్ అబ్బీ, మీ బావను లేపితే లేయల్యా."

"డాక్టరును పిలిచినావాక్కా?"

"పిలిచినా. వొచ్చి సూసి పోయినాడు. నువ్వు బిన్నా రా."

వచ్చి చూసి పోయాడన్న ఆ ఒక్క ముక్కతో నాకు అర్థమైంది. గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చిన బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు. ఇల్లు చేరి మేడ మీదికి పోయి చూస్తే, ఆయన మంచం పక్కన కుర్చీ మీద చిన్న రైలుపెట్టె ఒకటి వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. దాని చక్రాల పక్కన స్పిరిట్‌తో తడిపిన పాత పంచె ముక్క. అంతకుముందు సాయంత్రం తుడుస్తూ తుడుస్తూ, మిగతావి రేపు చూస్తానని పక్కన పెట్టాడట. ఆ గుడ్డముక్కను చూశాక నాకు ఏడుపొచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు మీలో ఎక్కువమందికి తెలియదు. కానీ ఆయన ఇంటిపేరు జమ్మలమడుగు చుట్టుపక్కల వాళ్లకు తెలుసు, దాంతోపాటు ఇంకేవేవో గుర్తొస్తాయి. వాటికోసం ఆయనను గుర్తుపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నాకు ఆయన మా అక్క మొగుడు, మా బావ. అంతే.

వాళ్లది పెన్న అవతలి పల్లె. ఆ ఊళ్లో రెండు వర్గాలు. ఎన్నికలొస్తే ఒక వర్గం ఏ పార్టీలో ఉంటే రెండోది దాని ఎదుటి పార్టీలో ఉండేది. ఒకరు పార్టీ మారితే రెండోవారూ మారేవారు. జెండాలు మారినా కత్తులు మారలేదు. బావ తండ్రి ఒక వర్గానికి పెద్ద. ఆయన మంచాన పడ్డాక పెద్దకొడుకు ఆ పెద్దరికం తీసుకున్నాడు. మా బావ రెండోవాడు. కడపలో బీఎస్సీ చదివి, తల్లి తరపున వచ్చిన పులివెందుల వైపు చీనీ తోట, అంటే బత్తాయి తోట, చూసుకుంటూ, గొడవలకు ఎడంగా ఉండేవాడు. మా నాన్న పిల్లనిచ్చేటప్పుడు కూడా ఆ ధైర్యంతోనే ఇచ్చాడు. పెద్దవాడు ఉన్నాడు కదా, చిన్నవాడి దాకా రాదులే అనుకున్నారు మావాళ్లు.

వచ్చింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం జమ్మలమడుగు నుంచి ఊరికి పోతున్న జీపు మీద బాంబులు వేశారు. పెద్దవాడూ, ఆయన వెంట ఉన్న ఇంకొక కుర్రవాడూ పోయారు. దినాలు కాకముందే వాళ్ల వర్గం జనం మా బావ ముందు కూర్చుని, ఇక నువ్వే అన్నారు. ఆయననూ చంపుతారని భయపడి, కేసు ఒక దారికి వచ్చేదాకా ఊళ్లో ఉండొద్దని పెద్దలు ప్రొద్దుటూరికి పంపించారు.

అక్కడ ఆయనతో కాలేజీలో చదువుకున్న మస్తాన్ ఇల్లు ఉంది. మస్తాన్ కువైట్‌లో ఒక పెద్దింట్లో కరెంటు పనులు చూసేవాడు. భార్యాపిల్లలు కింద ఉంటే మేడ మీది భాగం బావకు ఇచ్చాడు. మగ్గాల వీధి అది. పొద్దస్తమానం మగ్గాల చప్పుడు. కింద నడవలో ఊరి నుంచి వచ్చిన మనుషులు కాపలా కూర్చునేవాళ్లు. బావ గడప దాటకూడదు, కిటికీ దగ్గర నిలబడకూడదు. కూరగాయలకూ పాలకూ అక్కే పోయివచ్చేది. నేను అదే ఊళ్లో బీమా ఆఫీసులో గుమాస్తాను కాబట్టి సాయంత్రం ఆఫీసు అయ్యాక వాళ్ల దగ్గరికి పోయేవాణ్ణి. పోయేసరికి ఆయన గోడ చూస్తూ కూర్చుని ఉండేవాడు. తిన్నావా బావా అంటే తిన్నానో లేదో అక్కను అడిగేవాడు.

మస్తాన్ సెలవుకు వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"మా సేఠు పిల్లోళ్లు ఆడుకొని యిడ్సిపెట్టినారు భాయ్. పాడైంది. ఊరికే కూచోనుండావు గదా, ఏమన్నా పనికొస్తాదేమో సూడు."

అందులో ఉన్నది బొమ్మ రైలు. బొమ్మ అంటే తాళం తిప్పితే పరుగెత్తేది కాదు. జానెడు పొడవు పెట్టెలు, అచ్చం నిజం రైలువే అన్నట్టు కిటికీలు, మెట్లు, లోపల సీట్లు. ముక్కలు ముక్కలుగా కలుపుకునే పట్టాలు. ఒక డబ్బాలోంచి ఆ రెండు పట్టాలకూ కరెంటు పోతుంది. ఇంజన్ తన చక్రాలతో ఆ కరెంటు అందుకుని నడుస్తుంది. బావ ఆ రాత్రికి చాలారోజుల తర్వాత అన్నం అడిగి పెట్టించుకున్నాడని అక్క చెప్పింది. మర్నాటికి ఇంజన్ నడిచింది.

ఇంజన్ నడిచాక ఎవరైనా సంతోషపడి ఊరుకుంటారు. ఈయనకు పెట్టెల్లో దీపాలు కావాలనిపించింది.

నేను ఈ దీపాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా బావతో నా జీవితంలో మంచి భాగమంతా వాటితోనే గడిచింది. మొదట ఒక్కో పెట్టెలో చిన్న బ్యాటరీ పెట్టి గోధుమగింజంత బల్బు వెలిగించాడు. బ్యాటరీలు ఊరికే అయిపోయేవి. మార్చాలంటే పైకప్పు ఊడదీయాలి. అప్పుడు, ఇంజన్ పట్టాల నుంచి కరెంటు తీసుకుంటున్నప్పుడు పెట్టె ఎందుకు తీసుకోకూడదన్నాడు. పెట్టెలవి ప్లాస్టిక్ చక్రాలు. మస్తాన్‌కు కబురు పెడితే మరుసటి సెలవుకు ఇనుప చక్రాలు తెచ్చాడు. చక్రం నుంచి లోపలికి కరెంటు ఎలా తేవాలి? తిరిగే ఇరుసును ఏదో ఒకటి రాసుకుంటూ ఉండాలి. మా అక్క తలపిన్నులు విరిచి ఇరుసులకు ఆనించాడు. దీపాలు భలే వెలిగాయి. కానీ పిన్నులు గట్టివి కావడంతో చక్రాలు బిగుసుకుపోయి ఇంజన్ లాగలేక ఒకేచోట గిర్రున తిరిగింది.

"నా పిన్నులన్నీ యాడికి పోయినాయబ్బా అనుకుంటాండా," అంది అక్క గుమ్మంలో నిలబడి, జుట్టు ముడి ఒక చేత్తో పట్టుకుని.

"రైలెక్కినాయి," అన్నాడు బావ.

ఆ ఇంట్లో వాళ్లన్న పోయాక ఎవరైనా నవ్వడం నేను అప్పుడే విన్నాను. నవ్వింది అక్క.

రేడియో బాగుచేసే షాపులో పాత రిలే స్విచ్చుల నుంచి పల్చటి కంచు రేకులు తెచ్చిచ్చాను. వాటిని వెంట్రుక తాకినట్టు తాకేలా వంచడం ఆయనకు వేళ్లకు పట్టుబడేదాకా ఎన్ని రేకులు విరిగాయో. గట్టిగా తాకితే బండి నడవదు. మెత్తగా తాకితే దీపం మినుకుమంటుంది. అది కుదిరిందనుకుంటే రెండు రోజులకే దీపాలు మళ్లీ కొట్టుకోవడం మొదలయ్యేది. తీసి చూస్తే మగ్గాల వీధి దూది పోగులు ఇరుసులకు చుట్టుకుని ఉండేవి. పట్టాల మీద నల్లటి జిడ్డుపొర. గరుకు కాగితంతో రుద్దబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. గీతలు పడితే వాటిలో మురికి ఇంకా ఎక్కువ దాక్కుంటుందట. దూదితో తుడిస్తే మళ్లీ దూదే. అందుకే ఉతికి ఉతికి నలిగిన పంచె ముక్క, స్పిరిట్.

"మొదట తుడువు. తర్వాత తిట్టు," అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు: "ఒక్కసారి రెండు మార్సొద్దు అబ్బీ. ఏది బాగు సేసిందో తెల్వకుండా పోతాది." దీపం ఆరినప్పుడల్లా నేను బల్బు మార్చబోయేవాణ్ణి. ఆయన బల్బును తాకనిచ్చేవాడు కాదు. "దీపంలో ఏముండదు. దావలో ఉంటాది తప్పు," అని పట్టా నుంచి మొదలుపెట్టి చక్రం, ఇరుసు, రేకు, తీగె అన్నీ వరసగా తడుముకుంటూ వచ్చేవాడు. టీ సాసర్‌లో పోసి పెట్టుకుని, అది చల్లారి మీగడ కట్టినా తాగేవాడు కాదు. దూది లేస్తుందని ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. ప్రొద్దుటూరు ఎండల్లో ఆ గదిలో కూర్చున్నవాళ్లకు తెలుసు అదెంత పరీక్షో.

అలా ఉండగా ఒక ఆదివారం పొద్దున ఊరి నుంచి మనుషులు వచ్చారు. ముందు నడిచింది ఓబులప్ప. ఆయన బావ తండ్రి కాలం నుంచీ ఆ ఇంటికి కుడిభుజం. జీపులో పోయిన రెండోవాడు ఆయన కొడుకే. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

గది చుట్టూ పలకల మీద పట్టాలు పరిచి ఉన్నాయి కాబట్టి వాళ్లు పంచెలు ఎత్తి పట్టుకుని దాటి వచ్చి చాప మీద కూర్చున్నారు. బావ చేతిలో అప్పుడే ఇనుప చక్రాలు వేసిన కొత్త పెట్టె ఉంది. దాన్ని పట్టాల మీద పెడితే చాలు, దాని దీపమే కాదు, ఇంజన్‌తో సహా మొత్తం ఆగిపోతోంది. పొద్దుటి నుంచీ మేమిద్దరం దాని మీదే ఉన్నాం.

"రేపు వాడు జమ్మలమడుగు కోర్టుకు వొస్తాండాడు," అన్నాడు ఓబులప్ప. అవతలి వర్గం పెద్ద గురించి. "వంక మోరీ కాడ, జీపు నిదానమయ్యే తావున కాసుకుంటాం. అన్నీ తయారుగా ఉండాయి. నువ్వు ఊ అను సాలప్పా."

బావ తలెత్తలేదు. "జీపులో ఎవరెవరు వొస్తారు మామా?"

"ఎవరైతే ఏంది?"

"డ్రైవరు ఎవరు?"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక కూర్చున్న కుర్రవాడు చెప్పాడు. "కింది ఈది లచ్చుమయ్య కొడుకు."

"వాని పెండ్లికి నేను పోయింటి," అన్నాడు బావ.

కింద వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. బావ ఓబులప్ప వైపు జరిగి, "మామా, ఈ పెట్టె రోంత పట్టుకో," అని ఆయన రెండు చేతుల్లో పెట్టాడు. కత్తి పట్టిన చేతులని ఊరంతా చెప్పుకునే చేతులవి. ఆయన ఏమనాలో తెలియక పట్టుకున్నాడు. బావ చిన్న బల్బుకు కట్టిన రెండు తీగెలతో ఒక్కో ఇరుసునూ పరీక్షించుకుంటూ వచ్చాడు. ఒక ఇరుసు దగ్గర ఆగాడు. గోటితో దాన్ని పెకలించి, అటుది ఇటు తిప్పి మళ్లీ బిగించాడు. ఈ చక్రాల్లో ఒకవైపుది ఇరుసుకు కరెంటు ఇస్తుంది, రెండోవైపుది ఇవ్వదు. ఒక్క ఇరుసు తిరగబడితే రెండు పట్టాలూ లోపల కలిసిపోతాయి. పెట్టెను పట్టాల మీద పెట్టి నన్ను చూశాడు. నేను డబ్బా మీట తిప్పాను. రైలు కదిలింది. పెట్టెలన్నిట్లోనూ దీపాలు వెలిగాయి. వచ్చిన మనుషుల తలలు అది పోయినవైపే తిరిగాయి.

అది ఒక చుట్టు తిరిగి వచ్చాక బావ అన్నాడు. "నేను ఊ అనను మామా."

ఓబులప్ప రైలు వైపు చెయ్యి చూపాడు. "మీ యన్న, నా కొడుకు ఒగే జీపులో పోయినారు. నీకు ఈ రైలు ఎక్కువైపాయనా?"

"నీ కొడుకును నేను మర్సిపోల్యా. దినామూ కండ్ల ముందరే ఉంటాడు. అట్లాటోడు ఇంగొకడు కావాలని నా నోటితో అనను. మా యన్న పేరు మీద మీరూ ఎవురినీ సంపొద్దు."

ఆ కుర్రవాడు అప్పుడే మజ్జిగ తెచ్చిన అక్క వైపు తిరిగాడు. "నువ్వన్నా సెప్పక్కా. ఊర్లో మొగం ఎత్తుకోలేకుండా ఉండాం."

అక్క గ్లాసులు ఒక్కొక్కటే కింద పెట్టింది. నాకు ఆమె ఏమంటుందోనని భయంగా ఉంది. ఆమెకు ఇరవైల్లో వయసు. మొగుణ్ణి చంపుతారని భయపడుతూ బతుకుతోంది.

"మా ఆయప్ప రైలు ఆడుకుంటాండాడు," అంది. "ఆడుకోనీండి. ఆడుకునే మొగోడు మాపటికి నా ఇంట్లో ఉంటాడు. మీ మాట ఇన్నోడు ఉండడు."

వాళ్లు మజ్జిగ ముట్టకుండానే లేచారు. ఓబులప్ప గుమ్మం దగ్గర ఆగి చెప్పులేసుకుంటూ చాలాసేపు వంగే ఉండిపోయాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగాడు.

ఆ సోమవారం ఆ జీపు జమ్మలమడుగు వచ్చింది. సాయంత్రం తిరిగి ఊరికి పోయింది. చెప్పుకోవడానికి అందులో కథేమీ లేదు. నేను ఈ నాలుగు ముక్కలు రాయడానికి అసలు కారణం మాత్రం అదే.

ఊ అననందుకు ఆయన ఊరికే తప్పించుకోలేదు. కింద నడవలో కాపలా ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఊరికి పోయి తిరిగి రాలేదు. చేతగానివాడన్నారు, బొమ్మరైలోడని పేరు పెట్టారు. ఎవరూ లేకపోయేసరికి, చంపేవాళ్లు చంపుతారులే అని ఆయన బజారుకు రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు పులివెందుల నుంచి కబురొచ్చింది, చీనీ చెట్లు నరికేశారని. ఇద్దరం బస్సులో పోయాం. కాపు మీదున్న చెట్లు. నేల నిండా పచ్చికాయలు, వాడిన ఆకుల వాసన. నరికింది అవతలివాళ్లా, కోపం వచ్చిన మనవాళ్లా అన్నది మాకు ఇప్పటికీ తెలియదు. ఆయన తెలుసుకోవాలనీ అనుకోలేదు. మొదళ్ల మధ్య కాసేపు తిరిగి, బోరు దగ్గరికి పోయి మోటారు వేశాడు. నీళ్లొచ్చాయి.

"మోటరు ముట్టుకోల్యా," అన్నాడు. "మల్లా నాటుకోవచ్చు."

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది వాళ్ల వదిన. అన్న భార్య. ఆమె ఊరి నుంచి ఒక్కసారి ప్రొద్దుటూరు వచ్చింది. గడప అవతలే నిలబడింది. అక్క చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"మీ యన్న ఒగడే సచ్చినాడనుకుంటి," అంది బావతో. "ఇద్దరూ సచ్చినారని ఈపొద్దు తెలిసింది."

అంతే. నీళ్లు కూడా తాగకుండా పోయింది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. తోట మళ్లీ కాపుకొచ్చాక ఏటా ఆయన మొదటి కాయలు ఆమెకు పంపేవాడు. ఆమె వాటిని వీధిలో పంచేసి, ఒక్క తొన కూడా నోట్లో వేసుకునేది కాదట. అయినా ఆయన పంపడం మానలేదు.

ఆమె వచ్చిపోయిన సాయంత్రం నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని, అసలు ఈ పెట్టెల్లో దీపాలు ఎందుకు బావా, రైలు నడుస్తోంది చాలదా అన్నాను. అప్పుడు చెప్పాడు. కడపలో చదివేటప్పుడు సెలవులకు సాయంత్రం ప్యాసింజర్‌లో ఎర్రగుంట్లకు వచ్చేవాడట. అన్న జీపు తీసుకుని స్టేషన్‌కు వచ్చేవాడు. రైలు ఆగేసరికి చీకటి పడుతుండేది.

"నేను యే పెట్టెలో ఉండానో తెల్వదు గదా. దీపాలున్న పెట్టెల్లోకి తొంగి సూసుకుంటా వొచ్చేటోడు. దీపం లేని పెట్టె వొస్తే పేరు పెట్టి పిలిసేటోడు. నేను ఊరికే ఉంటాంటి, వానితో ఇంకోసారి పిలిపించుకోవాలని."

తర్వాత ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఏళ్లు గడిచాయి. కేసు ఎటూ తేలకుండానే సాక్షులు రాజీపడ్డారు. ఊళ్లో కత్తులు మెల్లగా మూలపడ్డాయి. కుర్రాళ్లు బెంగళూరు పోయారు, కొందరు కాంట్రాక్టులు పట్టారు. ఒక ఎన్నికల్లో ఒక పార్టీవాళ్లు ఇంటికొచ్చి మండలం పదవికి నిలబడమన్నారు. మీ ఇంటిపేరు చాలు, గెలుస్తామన్నారు. "ఆ పేరుతోనేనప్పా నాకు భయం," అని టీ ఇచ్చి పంపించాడు. మస్తాన్ కువైట్ నుంచి వచ్చేశాడు, వస్తూ ఇంకో ఇంజన్ తెచ్చాడు, కింద ఒక గది కూడా బావవాళ్లకు వదిలాడు. బల్బుల స్థానంలో ఎల్ఈడీలు వచ్చాయి. అవి ఒకవైపు కరెంటుకే వెలుగుతాయి కాబట్టి రైలు వెనక్కి నడిపితే ఆరిపోయేవి. దానికి, కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకే వైపుకు మళ్లించే డయోడ్లు నాలుగు కట్టాలని ఆయన చెబితే టీవీ షాపులో కొనుక్కొచ్చాను. పక్కనే చిన్న కెపాసిటర్ కూడా పెడితే, చక్రం కింద దుమ్ము వచ్చిన ఆ రెప్పపాటు అది దాచుకున్న కరెంటు ఇచ్చి దీపాన్ని నిలబెడుతుంది. ఆ మొదటి పెట్టె మినుకుమనకుండా గది చుట్టివచ్చినప్పుడు ఆయన చప్పట్లు కొట్టాడు. ఆయన చప్పట్లు కొట్టడం నేను చూసింది అదొక్కసారే.

వదినకు రెండు కళ్లకూ పొర వచ్చింది. ఆమె కూతురు పులివెందులలో ఉంటుంది. ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేయిస్తున్నామనీ, కొన్నాళ్లు ఉండటానికి చోటు కావాలనీ ఆ పిల్ల అక్కకు ఫోన్ చేసింది. తల్లికి చెప్పకుండా చేసిందని తర్వాత తెలిసింది. ఆపరేషనైన కంటికి కట్టుతో తీసుకొచ్చి దింపాక ఏ ఇంటికి వచ్చిందో ఆమెకు అక్క గొంతు విన్నాకే తెలిసింది. మాట్లాడలేదు. కానీ లేచి పోలేదు కూడా. మేడ మీద గాలి బాగుంటుందని అక్క ఆమె మంచం రైలు గదిలోనే వేసింది. గాలి కింది గదిలోనే ఎక్కువ వస్తుందని మా అందరికీ తెలుసు.

ఆమె ఉన్నన్నాళ్లూ బావ రైలు నడపలేదు. మెట్ల మీద చప్పుడు కాకుండా వచ్చి, చుక్కల మందు వేళ అయిందని అక్కకు సైగ చేసి పోయేవాడు. కట్టు విప్పిన కొన్నాళ్లకు, ఒక మాపటివేళ ఆమె నిద్రపోతోందనుకుని, పట్టాలకు తుప్పు పడుతుందేమో ఒక్క చుట్టు తిప్పుదామన్నాడు. లైటు వేయకుండానే మీట తిప్పాను. దీపాల కిటికీలు గోడ పొడుగునా పోయాయి. ఒక చుట్టు అయింది. రెండోది అవుతోంది.

"ఆ కడాపటి పెట్టెలో దీపం ఆరతాంది."

వదిన గొంతు. బావ మంచం వైపు తిరగలేదు.

"యాడ వదినా?"

"ఆ మూల మలుపు కాడ. సూడు, మల్లా ఆరె."

ఆయన మోకాళ్ల మీద పాకుతూ ఆ మూలకు పోయాడు. పట్టాలు కలిసేచోట అతుకు వదులైంది. టంకం వేసే కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు గానీ అతుకు మీద పెట్టకుండానే నాకు ఇచ్చాడు. కడ్డీ కాగాక, కిటికీలోంచి పడే వీధిదీపం వెలుగులో నేను తీగె అతికించి జరిగాను. రైలు మళ్లీ మలుపు తిరిగింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుండాది," అంది ఆమె. రైలు ఇంకో చుట్టు తిరిగాక, "మీ యన్న సెప్తాన్న్యాడు. ఎర్రగుంట్లలో పెట్టె పెట్టెలోకీ తొంగి సూసేటోడంట గదా, నీకోసరం," అంది.

బావ అక్కడే పట్టాల పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. అక్క కింద నుంచి పిలిచేదాకా ముగ్గురం లైటు వేసుకోలేదు. మర్నాడు వదిన చీనీకాయ వలిచి తొనలు ఆయన ముందు పెట్టింది. ఆ తర్వాత ఆమె ఊరికీ ప్రొద్దుటూరికీ తిరుగుతూనే ఉంది.

ఎర్రగుంట్ల నుంచి మా ఊళ్ల మీదుగా కొత్త లైను వేసి నిజం రైలు వచ్చినప్పుడు ఆయనను చూడటానికి తీసుకుపోయాను. ప్రొద్దుటూరు స్టేషన్‌లో మాపటివేళ బండి ఆగింది. ప్రతి పెట్టెలోనూ దీపాలు. ఒక్కటీ మినుకుమనలేదు. ఆయన ప్లాట్‌ఫాం మీద వంగి పెట్టె కిందికి చూసి, "కింద బ్యాటరీ డబ్బా ఉండాది లేరా. ఈళ్లకేం కష్టం," అన్నాడు. అందులో కొంచెం అసూయ కూడా ఉంది.

ఆయనను ప్రొద్దుటూరులోనే సాగనంపుదామని మేమనుకున్నాం. ఊరు విడిచి అంతకాలమైంది. వదిన ఒప్పుకోలేదు. "మా ఇంటి మనిషి. ఊర్లోనే మట్టి," అంది. వైకుంఠరథం మాట్లాడి, ఆమెను డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, మేమంతా వెనకాల బండ్లలో బయలుదేరి, ఊరి మొదట్లో దిగి నడిచాం.

ఆ ఊళ్లో శ్మశానానికి దగ్గర దారి అవతలి వర్గం వాళ్ల వీధిలోంచి పోతుంది. బావ వర్గంవాళ్ల శవాలు ఏనాడూ ఆ దారిన పోలేదు. వంక చుట్టు తిప్పి తీసుకుపోయేవాళ్లు. డ్రైవరు ప్రొద్దుటూరువాడు. అతనికి ఇవేవీ తెలియవు. నేరుగా ఆ వీధిలోకి తిప్పాడు. వెనక నడుస్తున్న మావాళ్లు ఒక్కసారిగా ఆగారు. పక్కనే కూర్చున్న వదిన ఆపమని చెప్పలేదు. ముందుకే చూస్తూ కూర్చుంది. దాంతో మేమూ నడిచాం.

అరుగుల మీద కూర్చున్న మగవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు తలగుడ్డలు తీశారు. వీధి మధ్యలో, మేతకు బయలుదేరిన గొర్రెల మంద దారికి అడ్డంగా నిండిపోయి ఉంది. డ్రైవరు హారన్ మీద చెయ్యి వేయబోయి ఆగాడు. ఆ పక్కింట్లోంచి ఒకావిడ పరుగున వచ్చింది. చేతుల పిండి కూడా కడుక్కోలేదు. గొర్రెలను మెల్లగా అదిలిస్తూ ఒక పక్కకు తోసి, అవి మళ్లీ దారిలోకి రాకుండా రెండు చేతులూ చాపి, తన ఒంటితో వాటిని గోడకు అదిమిపెట్టి నిలబడింది. రథం ఆమెను దాటింది. మేమూ దాటాం. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాను. ఆమె ఇంకా అలాగే, చేతులు చాపి నిలబడే ఉంది.